మూడు సున్నాలు, నాలుగో పిలుపు

మా వంటింటి గోడకు వేలాడే క్యాలెండరును ఈ శీర్షిక చదివేవారు ఇదివరకే ఎరుగుదురు. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, పిల్లల పరీక్షలు, రంజానులో తప్పిన రోజాలలో ఇంకా ఎన్ని మిగిలి ఉన్నవో ఆ లెక్క, అన్నీ దాని మీదనే ఉంటాయి. గడచిన డిసెంబరులో రెండో శనివారానికి, దాని మరునాటి ఆదివారానికి చెందిన గడులలో మూడు ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. శనివారం సాయంత్రం ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి, ఆదివారం రాత్రి ఒకటి. మూడూ పుట్టినరోజులే. వాటిలో ఒక్కటీ మా పిల్లలది కాదు.

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు, నడిపివాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడేళ్ళు. గుంటూరులో మేముండే అపార్ట్‌మెంటులో, వాళ్ళ బడిలో, మా చుట్టాలలో పిల్లలకు కొదువ లేదు కనుక ఏడాది పొడవునా ఎవరో ఒకరు పుట్టిన రోజు వస్తూనే ఉంటుంది. మూడు ఒకేసారి వచ్చిపడటం మాత్రం అదే మొదలు.

మా పెద్దల కాలంలో ఇటువంటి సున్నాల అవసరమే ఉండేది కాదు. మా పెద్దాపా ఎప్పుడు పుట్టిందని పిల్లల నానీగారిని అడిగితే, "ఉప్పెన వచ్చిన వారమే. బక్రీదు ఇంకా రాలేదు" అని చెబుతారు. దివిసీమను ముంచిన ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అప్పట్లో వారి కాపురం రేపల్లె వైపు ఉండేది. తేదీ ఏదైనా, ఆ రాత్రి గాలి చప్పుడు మాత్రం నానీగారికి నేటికీ జ్ఞాపకమే. ఆపా బడి సర్టిఫికెట్టులో మాత్రం జులై 1 అని ఉంటుంది. తేదీ తెలియని పిల్లలకు ఆ రోజులలో హెడ్మాస్టర్లు జూన్ ఒకటో, జులై ఒకటో రాసి బడిలో చేర్చుకునేవారు. మా బంధువులలో జులై 1న పుట్టినవారిని ఒకసారి లెక్కపెడితే పదకొండుమంది తేలారు. అందరూ వేడుక చేసుకుంటే ఆ రోజున మా ఇంట తిరునాళ్ళే జరగాలి.

అయితే మనవారు పుట్టినరోజును బొత్తిగా ఎరుగరని కాదు. సాల్‌గిరహ్ అనే మాటకే ఏడాది ముడి అని అర్థం. బిడ్డ పేరిట ఒక దారం ఉంచి, ఏటా దానికొక ముడి వేసి దాచే వాడుక దక్కను ముస్లిం కుటుంబాలలో ఉండేది. జాఫర్ షరీఫ్ రాయగా హెర్క్‌లాట్స్ అనే వైద్యుడు ఆంగ్లంలోకి మార్చి 1832లో లండనులో అచ్చు వేయించిన 'ఖానూనె ఇస్లామ్' అనే పుస్తకంలో ఈ సాల్‌గిరహ్ ముచ్చట కనిపిస్తుంది. ఆ వాడుకకు ధర్మంలో ఆధారమున్నదని మేము అనడం లేదు. దారం ఖరీదు కాణీకి మించి ఉండదని మాత్రమే అంటున్నాము.

మా ఇంటిలో కేకు కోయడం లేదు, కొవ్వొత్తులు ఊదడం లేదు. మన ఉలమాలలో చాలామంది ఈ వేడుకను పరుల అనుకరణగా ఎంచి దూరంగా ఉండమంటారు. ఆరాధనగా కాక లోకవ్యవహారంగా మాత్రమే చూచి, దుబారా లేకుంటే పట్టింపు లేదనేవారూ ఉన్నారు. ఆ చర్చను తేల్చడం ఈ శీర్షిక పని కాదు, మా తాహతు అంతకన్నా కాదు. సోమవారపు ఉపవాసాన్ని గురించి అడిగినప్పుడు, అది తాము జన్మించిన రోజని, తమపై దైవవాణి అవతరించిన రోజని దైవప్రవక్త (స) బదులిచ్చినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ సోమవారాలలో మేము ఎన్నింటిని వదిలివేశామో అల్లాహ్‌కే తెలుసు. కనుక ఇతరుల ఇంటి కొవ్వొత్తులను లెక్కపెట్టే అర్హత మాకు తక్కువ. పిల్లలను పిలిచిన చోటికి పంపుతాము, లేదా వెంట వెళతాము.

పెద్దమ్మాయికి ఈ విషయంలో ఒక ఓదార్పు ఉంది. చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కంటే దాదాపు పదకొండు రోజులు చిన్నది కనుక, హిజ్రీ లెక్కన తన తొమ్మిదో ఏడు స్నేహితురాళ్ళ కంటే మూడు నెలల ముందే నిండిందని వాళ్ళ అబ్బా ఒకనాడు కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ కాగితాన్ని అది పెన్సిలు డబ్బాలో దాచుకుంది.

ఇక శనివారం సంగతి. పెద్దమ్మాయి తరగతిలోని ఒక అమ్మాయి పుట్టినరోజును లక్ష్మీపురం వైపు పిల్లలు ఆడుకునే ఒక హాలులో జరిపారు. నాలుగున్నరకు మొదలు, ఆరున్నరకు ముగింపు. ఆ తరువాత ఆ హాలును వేరే పిల్లవాడి పుట్టినరోజుకు ఇచ్చేశారు. అసర్ చదువుకొని బయలుదేరాము. పిలుపు పెద్దమ్మాయికే అయినా నడిపివాడు గుమ్మం దగ్గర పడి ఏడవడంతో వాడినీ వెంట తీసుకువెళ్ళి, వాడి టికెట్టు మేమే కొనుక్కున్నాము. లోపలికి వెళ్ళాలంటే అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్ళు తొడగాలట. అవి ఇంటిలో ఉన్నా పనికిరావు, అక్కడే కొనాలి. జత యాభై రూపాయలు.

మైకు పట్టుకున్న ఒక యువకుడు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ఆటలాడించాడు. ఆట అనడం కంటే డ్రిల్లు అనడం మేలు. పుట్టినరోజు బిడ్డ ఎంతసేపూ ఫొటోలు తీసే మనిషి వైపు చూస్తూ నిలబడింది. ఒకసారి పరుగెత్తబోతే, తలమీది కిరీటం జారుతుందని తల్లి పట్టి ఆపింది. మేము మగ్రిబ్ వేళకు ఆ హాలు మెట్ల కింద ఒక మూల చోటు చూసుకొని నమాజు చేసి తిరిగి వచ్చేసరికి కేకు కోయడం ముగిసింది. చిత్రమేమంటే, మైకు మూగపోయి, అందరూ బయలుదేరుతున్న ఆఖరి పది నిమిషాలలోనే పిల్లలు నిజంగా ఆడారు. నేల మీద మిగిలిన బెలూన్లను కాళ్ళతో పగలగొట్టడం వాళ్ళు కనిపెట్టిన ఆట. కిరీటం తీసివేసిన ఆ బిడ్డ అందరికంటే ఎక్కువ పగలగొట్టింది.

కానుక సంగతి చెప్పకుండా దాటవేయలేము. మా ఇనుప బీరువా అడుగు అరలో, పిల్లలకు వచ్చిన కానుకలలో విప్పనివి కొన్ని ఉంటాయి. తొందర పిలుపులకు అవే ఆధారం. ఈ పద్ధతి మీ ఇళ్ళలోనూ ఉందని మాకు తెలుసు. సిగ్గుపడవద్దు. రంగు మట్టి ముద్దల పెట్టె ఒకటి మా ఇంటి నుండి వెళ్ళి, ఏడాదిన్నర తరువాత మూల చిరిగిన అదే అట్టతో మా ఇంటికే తిరిగి వచ్చింది. మధ్యలో ఎన్ని ఇళ్ళు తిరిగిందో! లోపలి మట్టి రాయిలా గట్టిపడింది. శనివారానికి మాత్రం ఆరు వందలు పెట్టి కొత్తదే కొన్నాము.

ఆదివారం మధ్యాహ్నం మా పొరుగువారింట. వారి మనుమడికి ఏడాది నిండింది. ఇరవైమందికి మించి లేరు. పళ్ళెంలో అక్షింతలు, హారతి, ఆ తరువాత అరిటాకులో భోజనం. వారి పూజ జరిగినంతసేపూ మేము ముందు గదిలో కూర్చున్నాము. అందులో ఇబ్బంది పడవలసిందేమీ వారికీ లేదు, మాకూ లేదు. జుహర్ వేళ దాటుతున్నదని మేము లేవబోతే, ఆ ఇంటి పెద్దావిడ "ఇంటికి వెళితే మళ్ళీ రారు. చిన్నగది ఖాళీ చేయించాను, అక్కడే చేసుకోండమ్మా" అన్నారు. గోడకున్న పటం మీద తువ్వాలు కప్పి ఉంది. ఆ తువ్వాలు ఎవరు కప్పమన్నారో మేము అడగలేదు. బాబు మాత్రం తన వేడుకను మొత్తం నిద్రలోనే గడిపాడు.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. రాత్రి ఫంక్షను పెద్దది. మాలో ఒకరు బట్టలు ఇస్త్రీ చేయడానికి కూర్చున్నారు, మరొకరు నడుము వాల్చారు. పెద్దమ్మాయి రెండుసార్లు గదిలోకి వచ్చింది. మొదటిసారి "అబ్బా, ఇవాళ అసర్ తరువాత..." అని మొదలుపెట్టింది. రాత్రి పొద్దుపోతుంది, వెళ్ళి కాసేపు పడుకోమన్నాము. రెండోసారి వాళ్ళ అమ్మీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. ఇస్త్రీ పెట్టె వేడిగా ఉంది, దూరంగా ఉండమని చెప్పి పంపేశాము. మూడోసారి రాలేదు. అసర్ మేము ఇంటిలోనే, వేళ కొంత మీరాక చదివాము.

రాత్రి ఫంక్షను మా పిల్లల మామూగారిది. ఆయనకు పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు కలిగిన ఒక్కగానొక్క కొడుకుకు ఐదేళ్ళు నిండాయి. ఆ ఎనిమిదేళ్ళూ ఆ ఇంటిలో ఎన్ని దుఆలు జరిగాయో, ముమానీగారు ఎన్ని ఆసుపత్రుల మెట్లెక్కారో మాకు తెలుసు. కనుక ఆ సంతోషాన్ని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. మూడు వందలమంది వచ్చారు. కార్డులో ఆరున్నర అని ఉంటే కేకు బల్ల దగ్గరకు బాబును తీసుకువచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది. ఎవరో పెద్దమనిషి రావాలట. ఆయన వచ్చి నాలుగు నిమిషాలుండి వెళ్ళిపోయారు. ఈలోగా పిల్లలు ఆకలికి బల్లల మీద ఉన్న సోంపు, పంచదార తిని కడుపు నింపుకున్నారు. కోటు తొడిగిన ఆ ఐదేళ్ళ బిడ్డ, తెల్లని పొగ చిమ్మే యంత్రం ఒక్కసారిగా బుస్సుమనగానే జడిసి, తల్లి దుపట్టాలో తల దాచుకొని ఏడ్చాడు. ఫొటోగ్రాఫరు మళ్ళీ పొగ వదిలించాడు, మొదటి ఫొటోలో బాబు ముఖం పడలేదని.

గుమ్మం దగ్గర మేజా వేసుకొని ముమానీగారి చెల్లెలు చదివింపులు రాస్తున్నారు. పెళ్ళిళ్ళలో ఈ పుస్తకం మనకు కొత్త కాదు. పుట్టినరోజులకూ వచ్చిందని ఆ రాత్రే చూశాము. మా కవరులో రెండు వేలున్నాయి. అవి పుస్తకంలోకి ఎక్కాయి. రేపు మా ఇంట ఏదైనా జరిగితే ఆ పేజీ తెరచి చూచి, అంతకు తగ్గకుండా తెస్తారు. ఇచ్చినవారి మనసులో అది అప్పుగా ఉంటుంది, పుచ్చుకున్నవారి మనసులోనూ అప్పుగానే ఉంటుంది. మధ్యలో కానుక అన్న మాట ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఈ హాలు అద్దె కోసం మామూగారు చీటీ పాడుకున్నారని ఆయన అక్కగారి నోట ఆ రాత్రే విన్నాము. ఆయనతో దాని గురించి మాట్లాడాలి. ఇంకా మాట్లాడలేదు.

బిర్యానీ వడ్డన మొదలైనప్పుడు పెద్దమ్మాయి పళ్ళెం ముట్టలేదు. కడుపు నొప్పా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. చాలాసేపు బతిమాలాక చెప్పింది. ఇవాళ ఆటో భాయిగారి అమ్మాయి పుట్టినరోజట. అసర్ తరువాత రమ్మన్నారట.

అప్పుడు మాకు గురువారం సంగతి గుర్తుకు వచ్చింది.

మా పిల్లలను బడికి తీసుకువెళ్ళే ఆటో భాయిగారికి మా పెద్దమ్మాయి వయసు కూతురు ఉంది. బడులు వేరు. కానీ ఉదయం ఆ అమ్మాయి తండ్రి పక్కన ముందు సీటులో కూర్చొని మా వీధి దాకా వస్తుంది. సాయంత్రం మసీదు మదరసాలో ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చొని ఖుర్‌ఆన్ పాఠం చెప్పుకుంటారు. గురువారం ఉదయం గేటు దగ్గర ఆటో భాయి దిగి నిలబడి, "ఆదివారం అసర్ తరువాత పాపది సాల్‌గిరహ్ సాబ్. పెద్దగా ఏమీ లేదు, నలుగురు పిల్లలు. మీరందరూ ఒక్కసారి వచ్చి దుఆ ఇస్తే పాప సంతోషపడుతుంది" అన్నారు. మేము "ఇన్‌షాఅల్లాహ్, తప్పకుండా" అన్నాము. కార్డు లేదు. గేటు దగ్గర అన్న మాట గేటు దగ్గరే ఉండిపోయింది. లోపలికి వచ్చి క్యాలెండరులో సున్నా చుట్టలేదు.

"మరి సాయంత్రమే గట్టిగా ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాము.

"మీరు ఇన్‌షాఅల్లాహ్ అన్నారు కదా. అంటే వెళ్ళమని నాకు తెలుసు" అన్నది పెద్దమ్మాయి. కొంచెం ఆగి, "తనకు తెలియదు. తను నిజమనుకుంది" అన్నది.

పాఠకులారా, ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. రేపు ఈ పని చేస్తానని దేని గురించీ అనవద్దని, అల్లాహ్ తలచినట్లయితే అనే మాట చేర్చకుండా అనవద్దని దివ్యఖుర్‌ఆన్‌లోని కహఫ్ సూరా 23, 24 ఆయతులు బోధిస్తున్నాయి. పని చేయాలని గట్టిగా సంకల్పించుకున్నవాడు, తన సంకల్పం మీదనే గర్వపడకుండా అనవలసిన మాట అది. మేము ప్రతి శుక్రవారం ఆ సూరా పారాయణం చేస్తాము. చేసి, ఆ మాటను దేనికి వాడుతున్నాము? అప్పు అడిగినవాడికి, వెళ్ళడం ఇష్టం లేని పెళ్ళికి, పిల్లలు అడిగే బొమ్మకు. కాదని చెప్పడానికి మొహమాటపడిన చోటనల్లా అల్లాహ్ పేరును అడ్డుపెడుతున్నాము. మా బిడ్డ దానిని తొమ్మిదేళ్ళుగా వింటూ, ఏ నిఘంటువూ చూడకుండా, మా ఇంటిలో దాని అర్థమేమిటో నేర్చుకుంది. మదరసాలో మౌల్వీగారు చెప్పిన అర్థం ఒకటి. ఇంటిలో మేము నేర్పినది వేరొకటి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మేము మరచిపోయిన మాట నిజమే. కానీ మూడు పిలుపులను మరచిపోకుండా ఒక్క దానినే ఎందుకు మరచిపోయాము? ఆ మూడు ఇళ్ళకు వెళ్ళకపోతే మమ్మల్ని అడిగేవారున్నారు. ఆటో భాయి అడగరు. అంతే.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఒక దర్జీ భోజనం వండించి దైవప్రవక్త (స)ను పిలిచాడు. యవల రొట్టె, సొరకాయ ముక్కలూ ఎండు మాంసమూ వేసిన పులుసు, అంతే ఆ విందు. ఆయన వెళ్ళారు. పళ్ళెం అంచుల వెంట సొరకాయ ముక్కలను వెదుక్కొని తినడం చూచిన అనస్‌కు ఆనాటి నుండి సొరకాయ ఇష్టమైందట. ఈ హదీసును మేము ఎన్నోసార్లు విన్నాము. సొరకాయ తినని పిల్లలకు చెప్పాము కూడా. దర్జీని గురించి ఎన్నడూ ఆలోచించలేదు. కలవారిని పిలిచి పేదలను వదిలివేసే వలీమా విందే విందులన్నింటిలో చెడ్డదని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంలో ఉన్న మాటను కూడా ఎన్నోసార్లు విన్నాము. అదే ఉల్లేఖనంలో, పిలుపును తోసిపుచ్చడమూ తప్పేనని ఉన్నది మాత్రం మాకు పేదల తరఫున ఎన్నడూ వినిపించలేదు.

తొమ్మిదిన్నరకు హాలు నుండి బయలుదేరి పాత గుంటూరు వెళ్ళాము. దారిలో దుకాణాలు మూసివేస్తున్నారు. మా చేతులలో ఉన్నవి హాలులో పిల్లలకు ఇచ్చిన మూడు రిటర్న్ గిఫ్టు సంచులే. వాటిలో ఒకటి ఇవ్వవచ్చునేమోనని మాలో ఒకరు మెల్లగా అన్నారు. పెద్దమ్మాయి ఆ మాట విని తన సంచిని సీటు కిందికి తోసేసింది. ఖాళీ చేతులతోనే వెళ్ళాము.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తలుపు మీద, పాత నోటు పుస్తకాల అట్టలను కత్తిరించి అంటించిన పువ్వులు. గోడ వారగా చాప, చాప మీద ఐదు పళ్ళేలు. నాలుగు కడిగి బోర్లించి ఉన్నాయి, ఒకటి మూత పెట్టి ఉంది. ఆటో భాయి లుంగీ సర్దుకుంటూ వచ్చి, "అరే సాబ్, ఈ వేళకు ఎందుకు శ్రమపడ్డారు? మీకు పనులుంటాయని నాకు తెలుసు. పాపకు కూడా అదే చెప్పాను" అన్నారు. మేము క్షమించమని అడగడానికి కూడా ఆయన చోటివ్వలేదు. ఫోను చేయవలసింది కదా అంటే, "చేస్తే బలవంతపెట్టినట్లుంటుంది సాబ్" అన్నారు.

ఆ అమ్మాయి కొత్త ఫ్రాకుతోనే నిద్రపోయింది. పక్కింటి పిల్లలు వచ్చి కూర్చున్నారట. బాజీ వస్తుంది, వచ్చాకే తినాలని మగ్రిబ్ అజాన్ దాకా ఎవరినీ తిననివ్వలేదట. ఇది తల్లి చెప్పింది, ఫిర్యాదుగా కాదు, నవ్వుతూ. లేపుతానని ఆమె వంగితే వద్దన్నాము. మా పెద్దమ్మాయి వెళ్ళి ఆ మంచం పట్టె మీద కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు.

బగారా అన్నం, దాల్చా వేడి చేసి పెట్టారు. సేమియా పాయసం పెట్టారు. మా కడుపులలో ఒక్క మెతుకుకు కూడా చోటు లేదు. అయినా తిన్నాము. హాలులో పళ్ళెం ముట్టని పెద్దమ్మాయి మాత్రం ఆకలిగానే తింది. వచ్చేటప్పుడు ఆమె ఒక స్టీలు డబ్బాలో పాయసం పోసి చిన్నదాని చేతికిచ్చింది.

ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే ఆ రెండు రోజులకు మాకు అయిన ఖర్చు మూడు వేల ఆరు వందలు. నాలుగో పిలుపు పద్దులో పైసా లేదు, ఒక స్టీలు డబ్బా బాకీ ఉంది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆటో హారను వినిపించింది. ఆ అమ్మాయి ముందు సీటులోనే ఉంది. మా వైపు చూడలేదు. పెద్దమ్మాయి వెనుక సీటులో, సరిగ్గా ఆమె వెనుకనే కూర్చొని, ముందుకు వంగి ఏదో అన్నది. మలుపు తిరిగేదాకా మేము మేడ మీద నుండి చూశాము. అటునుండి జవాబు వచ్చిందో లేదో కనిపించలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మాయి ఎర్ర పెన్ను తెచ్చి, శుక్రవారం గడిలో తానే సున్నా చుట్టింది. ఆ అమ్మాయిని అసర్ తరువాత మా ఇంటికి పిలవాలి. కేకు వద్దు, ఇంకెవరినీ పిలవవద్దు, బెలూన్లు మాత్రం కావాలి, పగలగొట్టడానికి. పిలవడానికి ఆటో దగ్గరకు కాదు, వాళ్ళ ఇంటికే వెళ్ళాలట. డబ్బా కూడా ఇవ్వాలి కదా అన్నది. మేము వెళ్ళాము. ఖాళీ డబ్బా తిప్పి ఇవ్వరు కనుక గాజర్ హల్వా పోసి తీసుకువెళ్ళాము. శుక్రవారం పాపను తప్పక తీసుకురావాలని కోరితే, ఆటో భాయి చేయి గుండె మీద ఉంచుకొని "ఇన్‌షాఅల్లాహ్ సాబ్" అన్నారు.

పెద్దమ్మాయి వెంటనే మా ముఖాల వైపు చూచింది. మేమేమీ అనలేదు. అనడానికి ఏమున్నది? ఆ మాటకు అర్థం చెప్పే వంతు ఆ నాలుగు రోజులూ మాది కాదు, ఆయనది.

శుక్రవారం మధ్యాహ్నమంతా అది గేటు చప్పుడైతే చాలు కిటికీ దగ్గరకు వెళ్ళి చూచింది. కొరియరు అతను వచ్చాడు, పొరుగువారి పాలు వచ్చాయి. మేము అసర్ జమాఅత్‌కు మసీదుకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి మా గేటు ముందు ఆటో ఆగి ఉంది, మేడ మీద బెలూన్లు పగులుతున్నాయి.